ఆవకాయ జాడీ చెప్పిన సాక్ష్యం: ఇంటి మనిషే పరిశోధకురాలిగా అపరాధ నవల రాయడం ఎలా?

అద్దె పుస్తకాల దుకాణాల నుంచి డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని ఒక్క రాత్రిలో చదివి తెల్లవారి తిరిగి ఇచ్చేసిన తరం మాది. ఆ నవలల్లో డిటెక్టివుకు ఒక ఆఫీసు, ఒక అసిస్టెంటు, ఒక కారు, జేబులో రివాల్వరు ఉండేవి. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది ఆ రకం నవల గురించి కాదు. ఇక్కడ పరిశోధించే మనిషికి ఆఫీసు లేదు, జీతం లేదు, తుపాకీ అసలే లేదు. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి. ఆమె ఇంటి పక్కనే, ఆమెకు కావలసిన వాళ్ల మధ్యనే ఒక చావు జరుగుతుంది. అది చూసి ఊరుకోలేక ఆమె ఆలోచించడం మొదలుపెడుతుంది. ఇంగ్లీషులో దీన్ని కోజీ మిస్టరీ అంటారు. రక్తపాతం కనిపించదు, క్రూరత్వం తెర వెనక్కి పోతుంది, ఊరి జీవితం ముందుకు వస్తుంది. పాఠకుడు భయపడడు. ఆ ఊళ్లో ఒక వారం ఉండి వచ్చినట్టు అనుభూతి చెందుతాడు, చివరిదాకా బుర్ర పెట్టి వెతుకుతాడు.

ఇలాంటి నవల రాయాలని కూర్చున్నవాళ్లలో చాలామంది హత్య దగ్గర మొదలుపెడతారు. ఎలా చంపాలి, ఎవరిని చంపాలి అని పేజీలకు పేజీలు ఆలోచిస్తారు. నా అనుభవంలో అది తప్పు దారి. మీ పరిశోధకురాలి చేతికి ఏళ్ల తరబడి అలవాటైన పని దగ్గర మొదలుపెట్టండి. పోలీసులు చూసి కూడా వదిలేసిన దాన్ని ఆమె మాత్రమే ఎందుకు చూడగలిగింది? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే నవల సగం దొరికినట్టే. ఇదంతా గాలిలో చెబితే అర్థం కాదు కాబట్టి ఒక నవలను మొదటి నుంచి చివరిదాకా ఇక్కడే కట్టి చూపిస్తాను. ఊరు, మనుషులు కల్పితం. మిగతా సరంజామా అంతా నిజమైనదే.

మొదటి మెట్టు: ఊరు, ఋతువు

మీకు బాగా తెలిసిన ఊరినే ఎంచుకోండి. ఊరితో పాటు నెలను కూడా ఎంచుకోండి, ఎందుకంటే మన ఊళ్లలో నెల మారితే మనుషుల పనులు, రాకపోకలు, దారులు అన్నీ మారతాయి. నేను కోనసీమలో అమలాపురానికి కొద్ది దూరంలో ఒక ఊరిని, మే నెల మూడో వారాన్ని తీసుకుంటున్నాను.

మే ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, ఆవకాయల కాలం. ప్రతి ఇంట్లో ఒకే వారంలో ఒకే పని జరుగుతుంది. రెండోది కాలువలు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టా బతుకంతా కాలువల చుట్టూ అల్లుకుని ఉంది. వేసవిలో మరమ్మతుల కోసం ఆ కాలువలను కట్టేస్తారు. జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు. ఊళ్లో చిన్నపిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. పట్నంలో స్థిరపడి ఎప్పుడో సంక్రాంతికి వచ్చిపోయే మనిషికి మాత్రం కాలువ అంటే నిండుగా పారే నీళ్లే గుర్తుంటాయి. ఈ తేడా మనకు తర్వాత ఉపయోగపడుతుంది.

మీరు మీ ఊరికి ఇలాంటి రెండు విషయాలు వెతుక్కోండి: ఊరివాళ్లకు చెప్పనక్కరలేనిది ఒకటి, బయటివాడికి తట్టనిది ఒకటి. పోచంపల్లిలో రాస్తే మీ పరిశోధకుడు మగ్గం మీద కూర్చునే మనిషి కావచ్చు. ఇక్కత్‌లో నూలుకు ముందే రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి చీర రెండు వైపులా బొమ్మ ఒకేలా కనిపిస్తుంది. అచ్చు వేసిన నకలు చీరకు వెనక వైపు రంగు వెలిసినట్టుంటుంది. శవం పక్కన మడత పెట్టి ఉన్న చీరను ఇన్‌స్పెక్టరు పట్టు చీర అని రాసుకుంటాడు. నేతగాడు కొంగు తిరగేసి చూస్తాడు. అంతే, కథ మొదలవుతుంది.

రెండో మెట్టు: పరిశోధకురాలు

మన పరిశోధకురాలి పేరు సుభద్రమ్మ. ఊరి బ్రాంచి పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు పోస్టుమాస్టరుగా పనిచేసి, 65 ఏళ్లు నిండగానే కిందటి సంవత్సరం విరమించింది. ఊళ్లో చిన్నవాళ్లంతా ఆమెను పోస్టమ్మ గారూ అని పిలుస్తారు.

ఈ ఉద్యోగాన్ని ఊరికే ఎంచుకోలేదు. బ్రాంచి పోస్టుమాస్టరుకు ఎవరికి ఎక్కడి నుంచి డబ్బు వస్తుందో తెలుసు, ఎవరి పాసుబుక్కులో ఎంతుందో తెలుసు, ఎవరి చేతిరాత ఎలా ఉంటుందో తెలుసు. చిరునామాలో ఒక్క మాట తేడాగా ఉన్నా కన్ను అక్కడ ఆగిపోతుంది. అన్నిటికీ మించి, ముప్పై ఏళ్లు ఇవన్నీ చూసి కూడా ఎవరి గుట్టూ బయట పెట్టని మనిషి. అందుకే జనం ఆమె దగ్గర నోరు విప్పుతారు. ఔత్సాహిక పరిశోధకురాలికి ఉండాల్సిన మొదటి అర్హత తెలివితేటలు కావు, నమ్మకం. పోలీసులకు చెప్పనిది ఆమెకు ఎందుకు చెబుతారో పాఠకుడికి వెంటనే అర్థం కావాలి.

ఆమెకు ఒక లోపం కూడా ఇవ్వండి, కానీ అది కథను కదిలించే లోపమై ఉండాలి. సుభద్రమ్మకు మనుషుల గుట్టు కాపాడడం ఎంత అలవాటంటే, చెప్పాల్సిన చోట కూడా చెప్పదు. నవల మధ్యలో ఒకసారి ఆ మౌనం వల్ల ఒక నిరపరాధి పోలీసు స్టేషనుకు వెళ్లాల్సి వస్తుంది. ఆ తప్పు ఆమెను నిద్రపోనివ్వదు.

ఇక, పోలీసులకు వదిలేయకుండా తను ఎందుకు కల్పించుకుంటుంది? కుతూహలం అని రాసి సరిపెట్టకండి. చనిపోయిన కామేశ్వరమ్మ ఆమెకు నలభై ఏళ్ల స్నేహితురాలు. అనుమానం పడింది పనిమనిషి మంగ మీద. ఈ రెండూ కలిస్తే ఏ మనిషైనా ఊరుకోలేదు.

మూడో మెట్టు: దాగిన కథను ముందు రాసుకోవాలి

పాఠకుడు చదివే కథ వేరు, నిజంగా జరిగిన కథ వేరు. రెండోదాన్ని మీ కోసం మూడు నాలుగు పేజీల్లో తేదీలు, వేళలతో సహా ముందు రాసుకోండి. ఇది నవలలో ఎక్కడా అచ్చు కాదు, కానీ ఇది లేకుండా మొదటి అధ్యాయం రాయవద్దు.

మన నవలకు నేను రాసుకున్నది ఇది. కామేశ్వరమ్మకు 74 ఏళ్లు, పిల్లలు లేరు, కొబ్బరితోట చివర పెంకుటింట్లో ఒంటరిగా ఉంటుంది. సోమవారం ఆవకాయ పెట్టింది. హైదరాబాదులో ఉండే అన్న కొడుకు ప్రసాదు అప్పుల్లో ఉన్నాడు. అత్తయ్య తోటను మంగ కూతురి చదువుకు రాసివ్వబోతోందని విన్నాడు. ఫోను తన ఇంట్లోనే వదిలి బస్సెక్కి బుధవారం రాత్రి చెప్పకుండా వచ్చాడు. మాటా మాటా పెరిగింది. పెరట్లో రుబ్బురోలు పొత్రం అతని చేతికి అందింది. తర్వాత ఆమె అటక నిచ్చెన మీంచి పడిపోయినట్టు సర్దాడు. మంగళవారం రాత్రి అతను హైదరాబాదులో ఒక పెళ్లిలో ఉన్నాడు, వందల మంది చూశారు, ఫొటోలున్నాయి. కాబట్టి ఆమె మంగళవారం రాత్రే పోయినట్టు కనిపిస్తే అతను క్షేమం. ఆమె చదివేసిన బుధవారం పేపరును మళ్లీ మడతపెట్టి వీధి అరుగు మీద పడేశాడు. పొత్రాన్ని చీకట్లో కాలువలోకి విసిరాడు. శనివారం ఉదయం మంగ సెలవు నుంచి తిరిగి వచ్చి చూసేసరికి అరుగు మీద నాలుగు రోజుల పేపర్లు పడున్నాయి.

శవం శనివారం దొరకాలని నేను ఎందుకు పట్టుబట్టానో చెప్పాలి. మొదట గురువారం అనుకున్నాను. కానీ మే నెల ఎండలో పన్నెండు గంటలు గడిచిన దేహానికి, ముప్పై ఆరు గంటలు గడిచిన దేహానికి తేడా ఏ డాక్టరైనా చెప్పగలడు. రెండున్నర రోజులా, మూడున్నర రోజులా అన్నది మాత్రం ఆ వేడిలో గట్టిగా చెప్పడం కష్టం. ఇలాంటి చోట మీరు అలసత్వం చూపితే డాక్టరు పాఠకుడు, నర్సు పాఠకురాలు అక్కడే పుస్తకం మూసేస్తారు.

సెల్‌ఫోను సంగతి కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. ఈ రోజుల్లో కాల్ డేటా తీస్తే సగం అపరాధ కథలు అక్కడే ముగిసిపోతాయి. కామేశ్వరమ్మది బటన్ల ఫోను, వారానికి రెండు మూడు కాల్స్ మాత్రమే. ప్రసాదు మంగళవారం పెళ్లి నుంచి ఫోను చేసి మాట్లాడాడు. ఆ తర్వాత కాల్స్ ఏమీ లేవు. ఆ నిశ్శబ్దం కూడా అతని అబద్ధానికే బలం ఇస్తుంది.

నాలుగో మెట్టు: ఆధారాలు

నవలకు ప్రాణం ఇక్కడుంది, కాబట్టి దీని మీద ఎక్కువ సేపు ఆగుతాను.

1930లో లండన్‌లో అపరాధ నవలా రచయితలు కొందరు కలిసి డిటెక్షన్ క్లబ్ పెట్టుకున్నారు. అందులో చేరేవాళ్లు ఒక ప్రమాణం చేసేవారు: మా పరిశోధకులు తమ బుద్ధితోనే నేరాన్ని ఛేదిస్తారు, దేవుడు కలలో చెప్పడమో కాకతాళీయంగా దొరకడమో ఉండదు, పాఠకుడి నుంచి ముఖ్యమైన ఆధారాన్ని దాచము అని. దాదాపు వందేళ్లవుతున్నా ఆ నియమం పాతబడలేదు. పరిశోధకురాలు చూసినదంతా పాఠకుడూ చూడాలి. చూసి కూడా పట్టించుకోకుండా పోవాలి.

మన ప్రధాన ఆధారం ఆవకాయ జాడీ. ఆవకాయ పెట్టే పద్ధతి తెలిసిన వాళ్లకు చెప్పక్కరలేదు. కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టి, ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, నూనె కలిపి జాడీకెత్తి వాసెన కడతారు. మూడో రోజున వాసెన విప్పి, ఊరిన ఊటతో సహా కింద నుంచి పైకి తిరగకలిపి, ఉప్పు చూసి, మిగిలిన నూనె పోస్తారు. మా అమ్మ మూడో రోజు దాకా జాడీ మీద ఎవరినీ చెయ్యి వేయనిచ్చేది కాదు. కామేశ్వరమ్మ కూడా అలాంటి మనిషే. సగం నూనె మూడో రోజు కోసం విడిగా అట్టిపెడుతుంది.

సోమవారం పెట్టిన ఆవకాయకు మూడో రోజు బుధవారం. ఆమె మంగళవారం రాత్రే పోతే ఆ జాడీలో పైన పిండి పొడిపొడిగా ఉండాలి, సీసాలో నూనె మిగిలి ఉండాలి. కానీ జాడీ తిరగకలిపి ఉంది, నూనె తేలి ఉంది, సీసా ఖాళీ. బుధవారం ఆమె బతికే ఉంది. పేపరు గురించి, ఫోను గురించి అన్నీ ఆలోచించిన ప్రసాదుకు జాడీ గురించి తట్టలేదు, ఎందుకంటే జీవితంలో ఎప్పుడూ ఆవకాయను కంచంలో తప్ప జాడీలో చూడలేదు.

ఈ ఆధారాన్ని పాఠకుడి ముందు మూడు చోట్ల పెట్టాలి, మూడు చోట్లా వేరే పనిలో కలిపేయాలి. మొదటిది రెండో అధ్యాయంలో. మంగళవారం ఉదయం సుభద్రమ్మ మనవరాలు ఆవకాయ రుచి చూద్దామని వాసెన మీద చెయ్యి వేస్తే కామేశ్వరమ్మ చేతి మీద ఒక్కటి వేసి కసురుతుంది. పాఠకుడికి అది ముసలావిడ చాదస్తంగా, ముద్దుగా కనిపించాలి. రెండోది శనివారం ఇంట్లో. దాన్ని ఎలా రాస్తానో చూడండి:

"ఎస్సై సామాన్ల గదిలోకి వెళ్లాడు. బియ్యం డబ్బా మూత తీసి చేత్తో కలియబెట్టి చూశాడు. కందిపప్పు డబ్బా, ఖాళీ నూనె సీసా, పాత ఇత్తడి గంగాళం. నగలు దాచుకునే చోటు ఇదే అయి ఉండాలి అన్నాడు కానిస్టేబులుతో. జాడీ వాసెన విప్పించాడు. పైన వేలెడు మందాన ఎర్రటి నూనె. అందులో ఏం దాస్తారు సార్ అంటూ కానిస్టేబులు మళ్లీ కట్టేశాడు. గోడకున్న మేకుకు తాళాల గుత్తి వేలాడుతోంది. ఎస్సై దాన్ని చూడగానే అందరి చూపూ అటు తిరిగింది."

ఆధారం వాక్యాల వరుసలో మధ్యన పడింది. ఖాళీ సీసా కూడా ఉంది. చివర తాళాల గుత్తి రాగానే పాఠకుడి మనసు నగల మీదికి పోతుంది. ముఖ్యమైనదాన్ని ఎప్పుడూ వరుస చివర పెట్టవద్దు, చివరిదే గుర్తుండిపోతుంది. మూడోసారి ఎప్పుడంటే, సుభద్రమ్మ తన ఇంట్లో తన జాడీ తిరగకలిపేటప్పుడు, ఇరవై అధ్యాయాల తర్వాత. అక్కడ ఆమె చెయ్యి ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో రాయవద్దు. అధ్యాయం అక్కడ ముగించండి.

జాడీ ఆలోచనకు దారి చూపిస్తుంది, కానీ కోర్టులో నిలవదు. అందుకే పక్కన వస్తురూపంలో ఒక రుజువు కావాలి. అరుగు మీద పడున్న నాలుగు పేపర్లను పోలీసులు లెక్కపెట్టారు గాని విప్పి చూడలేదు. బుధవారం పేపరు లోపలి పేజీలో ఆవకాయ నూనె మరక, దానిలో వేలిముద్ర. విప్పని పేపర్లో ఆవకాయ మరక ఎలా వస్తుంది?

రెండో ఆధారం వీలునామా. ప్రసాదు చూపించిన వీలునామా 2019 తేదీతో ఉంది. వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలుంటే తెల్లకాగితం మీదైనా చెల్లుతుంది. ఫోర్జరీ చేసేవాడికి అంతకంటే సులువైన దస్తావేజు లేదు. దాని పూర్తి పాఠాన్ని పదహారో అధ్యాయంలో అచ్చంగా ఇచ్చేయండి. చిరునామాలో కోనసీమ జిల్లా అని ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయింది 2022 ఏప్రిల్ 4న. అంతకు ముందు ఆ ఊరు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ముప్పై ఏళ్లు చిరునామాలు చదివిన పోస్టమ్మ గారి కన్ను ఎక్కడ ఆగుతుందో మీకు తెలుసు. తెలంగాణలో రాసేవాళ్లు ఇదే ఎత్తును 2016 అక్టోబరు 11తో వాడుకోవచ్చు. ఆ రోజున 10 జిల్లాలు 31 అయ్యాయి.

మూడోది పొత్రం. పెరట్లో రుబ్బురోలు ఖాళీగా ఉంది. మిక్సీలు వచ్చాక రోలును ఎవరూ చూడరు కాబట్టి పోలీసులకు అది తప్పిపోయినట్టే తెలియదు. ప్రసాదు దాన్ని గుర్రపుడెక్క కమ్మిన కాలువలోకి విసిరాడు. అడుగున నీళ్లు లేవని అతనికి తెలియదు. అది ఎండి బీటలు వారిన ఒండ్రు మీద పడుంది. జూన్ మొదటి వారంలో నీళ్లు వదిలితే మళ్లీ ఏడాది దాకా దొరకదు. ఇక్కడ నవలకు గడువు దానంతట అదే దొరికింది. బాంబు పెట్టక్కరలేదు, ఎవరినీ ఎత్తుకుపోనక్కరలేదు. ధవళేశ్వరంలో గేట్లెత్తే రోజు దగ్గర పడుతుంటే చాలు.

ఐదో మెట్టు: అనుమానితులు

నలుగురు చాలు, ఐదుగురు ఎక్కువ. ప్రతి ఒక్కరూ ఒక అబద్ధం చెప్పాలి. ముగ్గురి అబద్ధానికి హత్యతో సంబంధం ఉండకూడదు, సిగ్గుతోనో భయంతోనో ముడిపడి ఉండాలి. పక్క తోట సూర్యనారాయణ సరిహద్దు రాయిని రెండడుగులు జరిపాడు, అది బయటపడుతుందని భయం. చీటీలు నడిపే వెంకటలక్ష్మి కామేశ్వరమ్మకు ఇవ్వాల్సిన డబ్బు వాడేసుకుంది. మంగ పెళ్లికి వెళ్తున్నానని సెలవు పెట్టి, నిజానికి గల్ఫ్‌లో పని చూపిస్తానన్న ఏజెంటును కలవడానికి వెళ్లింది. మొగుడికి కూడా చెప్పలేదు. కోనసీమ నుంచి ఎంతమంది ఆడవాళ్లు ఇళ్లలో పనికి గల్ఫ్ దేశాలకు వెళ్తారో ఆ ప్రాంతం వాళ్లకు తెలుసు. ఆ అబద్ధం వెనకున్న బతుకును రెండు పేజీలు మనసు పెట్టి రాయండి. ఇలాంటి నవలలో నాకు ఇష్టమైన పేజీలు ఎప్పుడూ ఇవే.

ఆరో మెట్టు: పోలీసులు, చట్టం

మామూలు మనిషిని నేరం జరిగిన చోటికి ఎలా రానిస్తారు? చాలామంది రచయితలు ఇక్కడ ఎస్సైని మేనల్లుడిగా మార్చేస్తారు. ఆ అవసరం లేదు, చట్టమే తలుపు తీసి పెట్టింది. అనుమానాస్పద మృతి జరిగితే శవ పంచనామా చేయాలి. ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 174వ సెక్షను, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 194వ సెక్షను. ఆ చుట్టుపక్కల ఉండే గౌరవనీయులు ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది సమక్షంలో అది జరగాలి. వాళ్లనే పంచాయతీదారులు అంటారు. ఊళ్లో రిటైరైన పోస్టుమాస్టరు కంటే తగిన మనిషి ఎవరుంటారు? సుభద్రమ్మ ఇంట్లోకి దర్జాగా వెళ్తుంది, చూస్తుంది, సంతకం చేస్తుంది. తను సంతకం చేసిన కాగితంలో ప్రమాదవశాత్తూ అన్న మాట ఉంది కాబట్టి తర్వాత ఆ మాట ఆమెను కుదురుగా ఉండనివ్వదు.

ఎస్సైని మూర్ఖుడిగా చూపించవద్దు. పని ఒత్తిడిలో ఉన్న, మర్యాద తెలిసిన యువకుడిగా చూపించండి. అతను తెలివైనవాడైతేనే ఆమె అతని కంటే ముందు చూడడానికి విలువ. వాళ్ల మాటలు ఇలా ఉంటే చాలు:

"పోస్టమ్మ గారూ, జాడీ చూసి హత్య అంటే మా సీఐ గారు నన్ను ఏమంటారో చెప్పండి."

"జాడీ చూసి నమ్మవద్దు బాబూ. పేపరు విప్పి చూడండి. నేను విప్పితే నా వేలిముద్రలు పడతాయని ఆగాను."

ఏడో మెట్టు: రెండు క్యాలెండర్లు

గోడ క్యాలెండర్లు రెండు తీసుకోండి, తిథులు, అమావాస్య, ముహూర్తాలు ఉన్నవే. ఒకదాని మీద ఎర్ర సిరాతో జరిగినది, రెండోదాని మీద నీలి సిరాతో పాఠకుడికి తెలిసేది రాయండి. అమావాస్య నాడు వెన్నెల రాయడం, శూన్యమాసంలో పెళ్లి పెట్టడం లాంటి తప్పులు తెలుగు పాఠకుడు ఇట్టే పట్టేస్తాడు.

నిడివి విషయానికి వస్తే తెలుగులో 40,000 మాటలు సరిపోతాయి. ఒక్కో అధ్యాయం 1,400 మాటలకు కాస్త పైన, మొత్తం 28 అధ్యాయాలు. శవం మూడో అధ్యాయంలో, పొత్రం లేదన్న గ్రహింపు పద్నాలుగులో, మంగను స్టేషనుకు తీసుకెళ్లడం ఇరవైలో, పొత్రం దొరకడం ఇరవై మూడులో. ఇవి కొయ్యలు మాత్రమే, వాటి మధ్య తాడు మీ ఇష్టప్రకారం బిగించుకోండి.

ఎనిమిదో మెట్టు: రాత

మొదటి అధ్యాయంలో చనిపోబోయే మనిషిని పాఠకుడు ప్రేమించాలి. ఆవకాయ జాడీకెత్తాక బేసినులో మిగిలిన గుజ్జులో వేడి వేడి అన్నం కలిపి కామేశ్వరమ్మ అందరికీ ముద్దలు పెడుతుంది. ఆ ముద్ద రుచి పాఠకుడి నోట్లో ఉండగానే ఆమె పోయిందన్న కబురు రావాలి. దేహాన్ని వర్ణించనక్కరలేదు. మంగ గేటు దగ్గర కూలబడిపోయింది, ఎవరో ఆమెకు మంచినీళ్లిచ్చారు, అంత చాలు. ఈ రకం నవలలో మరణం సరదా కాదు. నలభై ఏళ్లు ఎదురెదురు అరుగుల మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్న మనిషి పోతే మిగిలినావిడ సాయంత్రాలు ఏమవుతాయో అక్కడక్కడా కనిపిస్తూ ఉండాలి.

తొమ్మిదో మెట్టు: ముడి విప్పడం

అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి నిజం చెప్పడం ఈ రకం నవలల్లో పాత ఆచారం. కానీ మామూలు మనిషి పిలిస్తే అందరూ ఎందుకు వస్తారు? మన దగ్గర దానికి సహజమైన సందర్భం ఒకటుంది: కర్మకాండ. పన్నెండో రోజు భోజనాలకు బంధువులు, పక్క తోట వాళ్లు, చీటీల వెంకటలక్ష్మి, అందరూ వస్తారు. కర్తగా కూర్చున్నది ప్రసాదే. పురోహితుడు మాసికాల కోసం, సంవత్సరీకం కోసం తిథి రాస్తూ మంగళవారం తిథిని పైకి చదువుతాడు. అప్పుడు సుభద్రమ్మ అంటుంది: "ఆ తిథి తప్పు శాస్త్రి గారూ. అది రాస్తే కాముడికి ఏటా తప్పు రోజున పిండం పడుతుంది." స్నేహితురాలిని ఆమె కాముడు అని పిలుస్తుందని మొదటి అధ్యాయంలోనే పాఠకుడికి తెలుసు. అక్కడి నుంచి జాడీ, పేపరు, పొత్రం, వీలునామా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఎనిమిది పేజీలు దాటనివ్వకండి.

చట్టం ఇక్కడ మళ్లీ గుర్తుంచుకోవాలి. పోలీసు అధికారికి చెప్పిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు, ఇది భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షను. బంధువుల ముందు చెప్పిన మాటను, బలహీనమైన సాక్ష్యమే అయినా, కోర్టు చూడగలదు. కాబట్టి ఎస్సైని వీధిలోనే ఉంచండి. ప్రసాదు తన మేనత్త ఫొటో ముందు, తన వాళ్ల ముందు తలవంచుకుని చెప్పాలి.

పదో మెట్టు: తిరగరాయడం

పూర్తయిన రాతప్రతిని మూడు వారాలు బీరువాలో పెట్టండి. తర్వాత మొదటిసారి హంతకుడి కళ్లతో చదవండి: ప్రసాదు మాట్లాడిన ప్రతి మాటా, అతనికి తెలిసినదాన్ని బట్టి సరిగా ఉందా? పెద్దకర్మ దాకా అతను ఒక్కసారైనా బుధవారం అన్న మాట పలికాడా? రెండోసారి ఆధారాలు మాత్రమే చూడండి, ప్రతిదీ ఏ పేజీలో మొదట కనిపించిందో అంచున రాసుకోండి. ముప్పావు వంతు దాటాక కొత్తగా ప్రవేశించిన ఆధారం ఏదైనా ఉంటే వెనక్కి తీసుకెళ్లి నాటండి. మూడోసారి గట్టిగా చదవండి, సంభాషణల్లో ఎవరు ఎవరిని ఎలా పిలుస్తున్నారో చెవికి తెలుస్తుంది.

ఆ తర్వాత ఇద్దరికి ఇచ్చి చదివించండి. ఒకరు ఆవకాయ పెట్టడం తెలిసినవాళ్లు, ఒకరు తెలియనివాళ్లు. సగం చదివాక ఆపి, హంతకుడు ఎవరని వాళ్లను అడగండి. తెలిసినావిడ శనివారం సన్నివేశం దగ్గరే పట్టేస్తే ఖాళీ నూనె సీసాను అక్కడి నుంచి తీసి వేరే అధ్యాయంలో పెట్టండి. తెలియని మనిషికి చివరి దాకా జాడీ సంగతి అర్థం కాకపోతే, రెండో అధ్యాయంలో కామేశ్వరమ్మ కసిరిన ఆ ఒక్క మాటకు ఇంకో వాక్యం చేర్చండి: మూడో రోజు నేనే విప్పుతాను, అందాకా ఎవరూ ముట్టుకోవద్దు.